స్వెయిన్ గారి సమాధి మీద చెయ్యి

నెదర్ కోంబ్లీ, స్వెయిన్ సత్రం
1771 అక్టోబరు 4

చెల్లి థర్జాకి అక్క కెజాయా రాసేది.

ముందు కూచో, తర్వాత చదువు. మీ అక్కకి స్వెయిన్ సత్రంలో గది దొరికింది.

పదకొండేళ్ళు కాచుకున్నాను గదా. ఇక్కడ ఎనిమిది గదులు, ఎనిమిదిమంది విధవలు. ఒకరు పోతేగాని ఇంకొకరికి చోటు లేదు. ఆగస్టులో బన్స్ ముసలమ్మ మంచం పట్టింది. రోజూ చర్చిలో ఆవిడ కోలుకోవాలని అందరితో పాటు ప్రార్థన చేసి, బయటికి రాగానే ఆవిడ కిటికీకి తెర దించారా లేదా అని చూసేదాన్ని. సిగ్గుమాలిన పనే. నువ్వు కాబట్టి చెబుతున్నాను. సెప్టెంబరు ఆఖర్లో తెర దించారు, మళ్ళీ ఎత్తలేదు.

గది చిన్నదే గాని గోడలు రాతివి. పొగ గదిలోకి రాదు. మా ఆయన పోయాక ట్రాస్క్ వాళ్ళ గొడ్లచావడి చివర నేను పడుకున్న చోటు నువ్వు చూడలేదు, చూడకపోవడమే మంచిదయింది. ఇప్పుడు నాకు మంచం ఉంది. వారానికి సరిపడా రొట్టె, చలికాలమంతా బొగ్గు, ఏడాదికో నీలం గౌను ఇస్తారు. గౌను భుజం మీద తగరపు బిళ్ళ, దాని మీద గొర్రె తల. ఈ సత్రం కట్టించిన గాడ్‌ఫ్రీ స్వెయిన్ గారు ఉన్ని వ్యాపారంలో గడించి, నూట యాభై ఏళ్ళ కిందట పోయాడు. ఊరి ధర్మం మీద బతికేవాళ్ళకి తగిలించే ఎర్రగుడ్డ బిళ్ళ వేరు, ఇది వేరు. ఇక్కడివాళ్ళంతా అలాగే అంటారు, నేనూ అంటున్నాను.

ఆయన వీలునామాలో పెట్టిన నియమాలు గోడకి వేలాడదీశారు. పొద్దునా సాయంత్రం చర్చికి పోవాలి. ఎనిమిదింటికి గేటు మూస్తారు. ఒక్క రాత్రి బయట పడుకున్నా గది పోతుంది. గదిలో పందిని గాని, కుక్కని గాని, మగవాణ్ణి గాని, చుట్టాల్ని గాని ఉంచుకోకూడదు. సరిగ్గా ఆ వరసలోనే రాశాడు మహానుభావుడు.

ఇంకోటి ఉంది. చేరిన రోజున చర్చిలో ఆయన సమాధి మీద చెయ్యి పెట్టి, "నన్ను పోషించే రక్తసంబంధం నాకీ లోకంలో లేదు, స్వెయిన్ గారి ధర్మమే నాకు దిక్కు" అని అందరికీ వినబడేలా చెప్పాలి. ఏటా నవంబరులో సెయింట్ ఆండ్రూ పండుగనాడు మళ్ళీ చెప్పాలి. నోరు తెరిచేముందు నువ్వు గుర్తొచ్చావు. పోషించే అన్నారు గాని ప్రేమించే అనలేదు గదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని చెప్పేశాను. ఆ రాయి మహా చల్లగా ఉంది.

మరిది దగ్గు ఎలా ఉందో రాయి. ఉత్తరం మన రెండూళ్ళ మధ్య బండి తోలే ట్విన్ చేతికే ఇవ్వు.

నీ అక్క,
కెజాయా పడిక్


హార్స్‌ఫోల్డ్
1771 నవంబరు 1

మహారాణి కెజాయా గారి సముఖానికి,

గొడ్లచావడి నించి రాతిమేడకి మారినందుకు చాలా సంతోషం. నీలం గౌనూ, గొర్రె బిళ్ళా వేసుకుని నువ్వు చర్చికి నడుస్తుంటే చూడాలని ఉంది. చిన్నప్పుడు అమ్మ నీలం పావడా నాకు కుట్టించిందని మూడు రోజులు అన్నం మానేసినదానివి నువ్వే గదా.

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. పందీ కుక్కా మగవాడూ అన్నచోట నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే అరగంట ఆగలేదు. బండిచక్రానికి ఇనప పట్టా ఎక్కించే పని ఇప్పుడు అతని వల్ల కావట్లేదు, చక్రం లోపలి ఆకులు మాత్రం చెక్కి ఇస్తున్నాడు, మిగతాది కొలిమివాడు చేసుకుంటున్నాడు. అయినా పైకి ఏమీ లేనట్టే తిరుగుతాడు.

ఇక ఆ సమాధి మీది మాట. అక్కా, దాన్ని నేను చదివి వినిపించలేదు. దాటేశాను. నీకు రక్తసంబంధం లేదా? మరి నేనెవరిని? నువ్వు అచ్చులు దిద్దిన పలక మీదే నేనూ దిద్దాను. నీ మొగుడు పోయినప్పుడు నడుం నొప్పితో నలభై మైళ్ళు బండి మీద వచ్చింది నేనే. పోషించే, ప్రేమించే అని నువ్వు మాటల్ని రెండు గుట్టలుగా పోసుకున్నావు. వినేవాళ్ళకి ఒకటే గుట్ట కనిపిస్తుంది. అక్కడ ఉన్న ఊరంతా కెజాయాకి ఎవరూ లేరనే విన్నారు.

రాత్రి పొరపాటున నోరు జారాను. నీ మరిది జెత్రో అన్నాడు: "మీ అక్క తప్పేముందే? ఆ రాయి రొట్టె పెడుతుంది. నువ్వు పెట్టగలవా?" నాకు కోపం వచ్చి దీపం ఆర్పేశాను.

సరే, పోనీ. క్రిస్మస్‌కి రా. నీ మొహం చూసి పదకొండేళ్ళయింది. పందిని అప్పటికి కోయం గాని, కోడి ఉంది. ట్విన్ బండిలో రెండు రోజుల దారి. జెత్రో కూడా రమ్మంటున్నాడు, ఎప్పుడూ అడగనివాడు అడుగుతున్నాడు.

రక్తసంబంధం లేని నీ చెల్లెలు,
థర్జా ఆర్చిన్


నెదర్ కోంబ్లీ, స్వెయిన్ సత్రం
1771 డిసెంబరు 9

ప్రియమైన సోదరి థర్జాకు,

నీ ఉత్తరము అందినది. సత్రమునకు పెద్ద అయిన పాదిరీ క్రిచ్లో గారు దయతో తామే దానిని విప్పి నాకు చదివి వినిపించినారు. ఈ జవాబును వారి గదిలో, వారి బల్ల మీద, వారి సిరాతో వ్రాయుచున్నాను.

నీవు క్రిస్మస్‌కు పిలిచినందుకు కృతజ్ఞురాలను. కాని రాలేను. ఇచ్చట మేము ఎనిమిది మందిమి ఆ పండుగను మా ధర్మదాత స్మరణలో గడుపుదుము. నాకు ఏ లోటును లేదు. నేను ఇచ్చట మిక్కిలి సుఖముగా ఉన్నాను. స్వెయిన్ గారి ఔదార్యమును తలచుకొనిన ప్రతిసారి కన్నులు చెమర్చును. గత నెల సెయింట్ ఆండ్రూ పండుగనాడు ప్రమాణము తిరిగి చేసితిని.

నీ భర్త అనారోగ్యమును గూర్చి విని విచారించితిని. ఓర్పు వహించుము. దైవము మన మేలు కొరకే అన్నియు చేయును.

నీ సోదరి,
కెజాయా పడిక్


హార్స్‌ఫోల్డ్
1772 జనవరి 20

కెజాయాకి,

జెత్రో పోయాడు. కొత్త సంవత్సరం వచ్చిన ఆరోనాడు, పొద్దున్నే. కాలికి జోడు తొడుక్కుంటూ ఒక జోడు చేత్తో పట్టుకునే ఒరిగిపోయాడు. రెండో జోడు నేను తొడిగాను.

క్రిస్మస్‌కి కోడిని కోయలేదు. నువ్వు వస్తావని ఆగాం. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అది నువ్వు రాసిందేనా? మా ఆయన విని, "ఎవరే ఇది, పాదిరీ భార్యా?" అన్నాడు. ఓర్పు వహించుమట. చచ్చిపోతున్నవాడికి ఓర్పు వహించమని చెప్పే అక్క నాకు ఉందని అప్పుడు తెలిసింది. నీకు ఏ లోటూ లేదు, సుఖంగా ఉన్నావు, సంతోషం. రాతిమేడలో ఉంటే చెల్లెళ్ళు చిన్నగా కనిపిస్తారు కాబోలు.

నా సంగతి చెబుతాను, నీకు అక్కర్లేకపోయినా సరే. పందిని శవపేటికకి ఇచ్చేశాను. జెత్రో పనిముట్లు కొలిమివాడు పట్టుకుపోయాడు. మా ఊరి పేదల పెత్తందారు డాబ్‌నీ వచ్చి ఇల్లంతా చూశాడు, కుండల మూతలు కూడా తీశాడు. వారానికి రెండు రొట్టెలు రాశాడు. నా భుజం మీద ఇప్పుడు ఎర్రగుడ్డ బిళ్ళ ఉంది. నీ గొర్రె బిళ్ళ కంటే తక్కువదేలే. రాట్నం ఒకటి మిగిలింది, ఉన్ని వడికి ఇస్తున్నాను. నడుం వంగితే లేవదు.

ఇదంతా రాసి కాగితం చింపేద్దామనుకున్నాను. మళ్ళీ ఊరుకున్నాను. కోపం ఉంది గాని, సాయంత్రం అయ్యేసరికి మాట్లాడే మనిషి లేకపోతే కోపం ఎవరి మీద చూపించను? వచ్చెయ్యి అక్కా. ఆ సమాధినీ ఆ గేటునీ వదిలేసి వచ్చెయ్యి. మనిద్దరికీ ఒక పొయ్యి చాలు. నువ్వు నీళ్ళు మోస్తావు, నేను వడుకుతాను. పోట్లాడుకుంటూ ఉందాం.

వస్తావా రావా, ఒక్క మాట రాయి.

థర్జా


నెదర్ కోంబ్లీ
1772 ఫిబ్రవరి 3

నా తల్లీ థర్జా,

ఇది పాదిరీ గారి సిరా కాదు, మసి కలుపుకున్నది. అలికితే క్షమించు. ట్విన్ బండిలో గోధుమ బస్తాల కింద దాచి పంపుతున్నాను.

ఇక్కడి సంగతి నీకు తెలియదు, మొదటి ఉత్తరం రాసేనాటికి నాకూ తెలియదు. నాకు వచ్చే ప్రతి ఉత్తరం గేటు దగ్గర పాదిరీ గారి చేతికి పోతుంది. నేను రాసేది ఆయన చూసి తప్పులు దిద్దుతాడు. తప్పులంటే అక్షరాలు కాదు. డిసెంబరులో నేను, "మరిది పోయేలోపు ఒక్కసారి చూడాలని ఉంది, సెలవు అడుగుతున్నాను" అని నీకు రాయబోయాను. ఆయన కోప్పడలేదు. నా పక్కన కూచుని ఎంతో నెమ్మదిగా, "వద్దమ్మా కెజాయా, ఇట్లా రాస్తే నువ్వు ఇక్కడ సంతోషంగా లేవనుకుంటారు. స్వెయిన్ గారి మీద నింద గదా" అని, తనే ఒక్కో వాక్యం చెప్పి రాయించాడు. మంచివాడే థర్జా, అదే కష్టం. కసిరేవాడైతే ఎదురు తిరిగేదాన్ని.

నీ ఉత్తరం ఆయన మా ఎనిమిదిమంది ముందూ చదివాడు. ఓదార్పు కోసమట. జెత్రో జోడు పట్టుకుని ఒరిగిపోయాడన్న చోట నేను గోడకేసి తిరిగాను. అది చూసి ఆయన అక్కడితో ఆపి, మిగతాది తను కూడా చదవకుండానే కాగితం నా చేతిలో పెట్టాడు. "చూశారా, ఆ ప్రపంచంలో ఎన్ని బాధలో! మీరంతా ఎంత సుఖంగా ఉన్నారో!" అని ముగించాడు. అందరూ నాకేసి చూశారు. తల ఊపాను.

నేను సుఖంగా లేను. కడుపు నిండుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, అంతే. గేటు మూసే గంట వినగానే తలుపు దాకా పోయి మళ్ళీ వెనక్కి వస్తాను. గోడల మధ్య ఎనిమిది మంది ఒకరి చావు కోసం ఒకరం కాచుకు కూచున్నట్టు ఉంటుంది. బయట పదిమంది విధవలు మా కిటికీ తెరలకేసి చూస్తుంటారు. నేను చూసినట్టే. నేను కాస్త దగ్గితే ఒకావిడ ఆగి మరీ వింటుంది.

వస్తాను. కాని ఊరికే రాలేను. మీ ఊళ్ళో నేను పరాయిదాన్ని. రేపు నేను మంచాన పడితే మా ఊరే నన్ను చూసుకుంటుందని నెదర్ కోంబ్లీ చర్చి పెద్దలు కాగితం రాసిస్తేనే మీ డాబ్‌నీ నన్ను ఉండనిస్తాడు. లేకపోతే బండెక్కించి తిరగ్గొడతాడు. అప్పటికి ఇక్కడ గది పోయి ఉంటుంది. అందుకని ఆ కాగితం గురించి చాటుగా అడిగించాను. జవాబు వచ్చేదాకా నువ్వు ఏమీ చెయ్యకు, ఎవరికీ రాయకు. నెల రోజులు ఓపిక పట్టు. ఓపిక అంటే నీకు కోపమొస్తుంది, తెలుసు, ఇంకో మాట దొరకలేదు.

జెత్రో కోసం ఇక్కడ గట్టిగా ఏడవడానికి కూడా చోటు లేదు.

నీ అక్క,
కెజాయా


హార్స్‌ఫోల్డ్
1772 ఫిబ్రవరి 27

అక్కా,

నెల దాటింది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. మంచులో ట్విన్ గుర్రం కాలు మడతపడి దారిలో ఏదో సత్రంలో ఆగిపోయాడని చెప్పుకుంటున్నారు. గుర్రం సంగతి నాకు తెలియదు. నువ్వు మాత్రం సిగ్గుపడి రాయట్లేదని నాకు అర్థమైంది. చెల్లెలు ఎర్రబిళ్ళ కట్టుకుందని తెలిస్తే ఆ ఏడుగురు విధవలు ఏమంటారో అని గదా.

నీకా సిగ్గు అక్కర్లేకుండా చేశాను. నిన్న కూచుని మీ పాదిరీకి నేనే రాశాను. గొర్రెలు తోలుకెళ్ళే మనిషి మీ ఊరి మీదుగా పోతున్నాడు, రెండు ఉత్తరాలూ అతని చేతికే ఇస్తున్నాను, నీది మాత్రం గేటు దగ్గర కాకుండా చర్చికి పోయే దారిలో నీ చేతిలోనే పెట్టమన్నాను.

ఏం రాశానో విను. "అయ్యా, కెజాయాకి రక్తసంబంధం లేదని ఎవరన్నారు? నేను సొంత చెల్లెల్ని. నాకు ఇల్లుంది. రాట్నం ఉంది. ఇద్దరికి సరిపడా రొట్టె ఉంది. దొడ్లో పంది కూడా ఉంది. మా అక్క ఇంకొకరి ధర్మం తినాల్సిన ఖర్మ ఆమెకి పట్టలేదు. దయచేసి ఆమెని పంపించెయ్యండి" అని రాశాను. ఎట్లా ఉంది? పంది శవపేటికలోకి పోయిందని ఆయనకేం తెలుసు. తలవంచుకుని అడిగితే వదలరు అక్కా. తల ఎత్తుకుని అడగాలి.

నీ పరుపు ఎండలో వేశాను. ఎండ లేదనుకో, గాలికి వేశాను. జెత్రో కుర్చీ కిటికీ పక్కకి జరిపాను, అది నీది.

వస్తావు గదా.

థర్జా


నెదర్ కోంబ్లీ
1772 మార్చి 14

థర్జా,

ఎంత పని చేశావే.

కోప్పడుతున్నాననుకోకు. కోప్పడే ఓపిక కూడా లేదు. ట్విన్ నిన్నే తిరిగొచ్చాడు. నా ఫిబ్రవరి ఉత్తరం ఇంకా అతని బస్తాల కిందే ఉంది. దాన్నీ దీన్నీ కలిపి పంపుతున్నాను. ముందు అది చదువు.

నీ ఉత్తరం అందిన రోజున పాదిరీ గారు పిలిచారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. "కెజాయా, నువ్వు సమాధి మీద చెయ్యి పెట్టి రెండుసార్లు అబద్ధం చెప్పావా అమ్మా?" అన్నారు. కాదన్నాను. "మరి ఈ ఇల్లు? ఈ పంది?" అన్నారు. మార్చి ఇరవై అయిదున సత్రం ధర్మకర్తలు కూచుంటారు. నలుగురు పెద్దమనుషులు. నా సంగతి అప్పుడు తేలుస్తారు. నా గది కోసం అప్పుడే ఇద్దరు దరఖాస్తు పెట్టారు.

నువ్వు అడిగినట్టు పంపించేస్తే పోదామా అంటే, కాగితం రాలేదు. చర్చి పెద్దలు పదేళ్ళుగా ఎవరికీ రాసివ్వలేదట. ఒకసారి రాసిస్తే ఆ మనిషి ఖర్చు ఎప్పటికీ వదలదని భయం. "సత్రంలో హాయిగా కూచోక ఈ ముసలిదానికి షికార్లెందుకు?" అన్నాడట ఆ పెద్దల్లో ఒకడైన ట్రాస్క్, ఆ గొడ్లచావడి ఆయనే. అంటే గది పోతే నాకు మిగిలేది ఊరి బికారుల కొంప. పిచ్చివాళ్ళనీ, తాగుబోతుల్నీ, జబ్బువాళ్ళనీ కలిపి పెట్టే చోటు. ఒకే గదిలో గడ్డి మీద పడుకోవాలి.

నిజం చెప్పేద్దామనుకున్నాను. మా చెల్లికి పంది లేదు, అది గొప్పకి రాసింది, వారానికి రెండు రొట్టెల మీద బతుకుతోంది అని. అప్పుడు ఏమవుతుందో ఆలోచించు. వాళ్ళు మీ డాబ్‌నీకి రాసి విచారిస్తారు, వాళ్ళ పద్ధతి అదే. పందీ ఇద్దరికి సరిపడా రొట్టే ఉన్నాయని నువ్వు సంతకం పెట్టి రాసిన కాగితం డాబ్‌నీ చేతిలో పడుతుంది. ఆ రోజుతో నీ రొట్టె ఆగిపోతుంది. మొన్న కూడా అతను కుండ మూతలు తీసి చూశాడన్నావు. నీ మాట ఒప్పుకుంటే నా గది పోతుంది, కాదంటే నీ కూడు పోతుంది.

నువ్వు నాకు ఉత్తరం రాయకు. గేటు దాటి రాదు. డాబ్‌నీని ఒక్కసారి, నీ సొంత ఆలోచనలాగా, కాగితం లేకుండా అక్క వస్తే ఉండనిస్తావా అని అడుగు. ఏమన్నాడో ట్విన్‌కి నోటితో చెప్పి పంపు. ఇరవై నాలుగుకల్లా అతను ఇక్కడికి తిరిగొస్తాడు.

కుర్చీ కిటికీ పక్కన వేసినందుకు సంతోషం.

కెజాయా


నెదర్ కోంబ్లీ
1772 మార్చి 30

చెల్లీ,

ఇది కూచుని చదవమని చెప్పను. ఎట్లా చదివినా ఒకటే.

ట్విన్ ఇరవై నాలుగున వచ్చి చెప్పాడు. నీ మాటలు ఒక్కటి కూడా పోనివ్వలేదు. "అమ్మా, ఆ డాబ్‌నీ ఏమన్నాడంటే, కాగితం లేకుండా వస్తే అదే బండి మీద అదే రోజు తిరగ్గొడతానన్నాడు. ఇంకోటి అన్నాడు, ఇంకొకరికి పెట్టేంత రొట్టె మిగుల్తోందా, అయితే చెప్పు, తగ్గించేస్తా అన్నాడు. మీ చెల్లెలుగారు ఏడ్చిందని మీకు చెప్పొద్దంది" అన్నాడు.

మర్నాడు నన్ను లోపలికి పిలిచారు. నలుగురూ, పాదిరీ గారూ. నీ ఉత్తరం బల్ల మీద ఉంది. వాళ్ళలో పెద్దాయన అద్దాలు సవరించుకుని, "ఈ థర్జా ఆర్చిన్ నీ తోడబుట్టిందేనా?" అని అడిగాడు. అవునన్నాను. "నిన్ను పోషించగలదా?" అన్నాడు.

థర్జా, అక్కడికి పోయేదాకా ఏం చెప్పాలో నాకు తెలియదు. ఒట్టు. నోరు తెరిచాక, "లేదండి, పోయిందండి" అన్నాను. ఎప్పుడు అన్నారు. ఆ ఉత్తరం రాసిన నాలుగో రోజున, జ్వరంతో, మొగుడి వెనకాలే పోయిందన్నాను. ఎవరు చెప్పారు అన్నారు. ట్విన్ అన్నాను. ట్విన్‌ని పిలిచారు. అతను నా మొహం చూశాడు, టోపీ తీశాడు. "అవునండయ్యా, పాపం, మంచి మనిషండి" అన్నాడు.

నిన్ను చంపేశాను. చచ్చినవాళ్ళ గురించి ఎవరూ డాబ్‌నీకి రాయరు. చచ్చినవాళ్ళకి పంది ఉన్నా లేకపోయినా ఒకటే.

పెద్దాయన నీ ఉత్తరం మడిచి పొయ్యిలో వేశాడు. పాదిరీ గారి కళ్ళలో నీళ్ళు. నన్ను అనుమానించినందుకు క్షమించమన్నాడు. అప్పటినించీ నన్ను అందరూ చేతుల మీద పెట్టుకుని చూస్తున్నారు. టోపీకి నల్ల రిబ్బను కుట్టారు. ఒకావిడ సూపు తెచ్చింది. నా దగ్గు వినే ఆవిడే నా బొగ్గు మోసింది. ఆదివారం చర్చిలో నీకోసం గంట కొట్టారు. ఆడదానికి ముందు ఆరు దెబ్బలు, తర్వాత వయసెంతో అన్ని. ఎంత అని గంట కొట్టేవాడు అడిగితే యాభై ఏడు అని చెప్పాను. నిలబడి అన్నీ విన్నాను. సగం దాటాక నిజంగానే నువ్వు పోయావనిపించి గట్టిగా ఏడ్చాను. జెత్రో కోసం అప్పుడు ఏడవలేనిది కూడా అందులో కలిసింది. ఎవరూ తప్పుపట్టలేదు.

తర్వాత సమాధి దగ్గరికి నడిపించారు. చెయ్యి పెట్టి మళ్ళీ ఆ మాటే చెప్పాను. ఈసారి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక నీ పేరుతో నాకు ఉత్తరం రాకూడదు. వస్తే ట్విన్ కూడా చిక్కుకుంటాడు. ఇకమీదట నేనూ రాయను. ట్విన్‌ని ఇంతకంటే ఇబ్బంది పెట్టలేను, అతనికి పిల్లలున్నారు. మనం ఒక పొయ్యి దగ్గర కూచోవడం ఈ జన్మకి లేదు. నీ పిలుపు వినగానే గేటు తోసుకుని వచ్చి ఉండాల్సింది, గొడ్లచావడిలో ఉన్నప్పుడే నడిచి వచ్చి ఉండాల్సింది. అప్పుడు గది కోసం కాచుకుంటూ కూచున్నాను.

నన్ను తిట్టు. నేను వినకపోయినా తిట్టు.

నీ అక్క


హార్స్‌ఫోల్డ్
1772 ఏప్రిల్ 26

నెదర్ కోంబ్లీ స్వెయిన్ సత్రంలో ఉండే విధవరాలు కెజాయా పడిక్ గారికి,

అమ్మా, నేను మీకు తెలియదు. నా పేరు హెప్జిబా క్లూస్. మీ చెల్లెలు కీర్తిశేషురాలు థర్జా ఆర్చిన్ గారి పొరుగింటిదాన్ని. ఈ ఉత్తరం చదివే పాదిరీ గారికి నా నమస్కారాలు. పోయినావిడ ఆఖరి రోజుల గురించి ఆవిడ అక్కగారికి రెండు ముక్కలు చెప్పడం నా విధి అనిపించి రాస్తున్నాను.

ఆవిడ ఎక్కువ బాధపడలేదు. ఆ కబురు విన్నాక రెండు రోజులు మాత్రం మీ మీద చాలా కోపంగా ఉంది. నోటికి వచ్చినట్టు తిట్టింది. ఆవిడ నోరు మీకు తెలిసిందే. మూడో రోజున రాట్నం దగ్గర కూచుని, "దానికి అంతకంటే దారి లేదు, దాని చోట ఉంటే నేనైనా అదే చేసేదాన్ని, కాకపోతే జ్వరం కంటే ఇంకాస్త మంచి జబ్బు ఎంచుకునేదాన్ని" అంది. ఇవి ఆవిడ చివరి మాటలు. మీ మీద ఏ కోపమూ పెట్టుకోకుండానే పోయింది. అది మీకు చేరాలని నన్ను మరీమరీ అడిగింది.

ఆవిడ ఇంట్లో ఇప్పుడు నేనే ఉంటున్నాను. డాబ్‌నీ గారు ఏమీ అభ్యంతరం చెప్పలేదు, రొట్టెలు కూడా రెండూ వస్తున్నాయి. ఆవిడ గౌనులు నాకు అతికినట్టు సరిపోయాయి. జోళ్ళు కూడా. ఆవిడ రాట్నమే వడుకుతున్నాను. నడుం నాకూ వంగితే లేవదు, ఈ ఊరి నీళ్ళలో ఏదో ఉంది. ఆవిడ వేసిన చిక్కుడు గింజలు మొలిచాయి. సాయంత్రాలు కిటికీ పక్కన ఒక కుర్చీ ఊరికే ఉంటుంది. ఎవరికోసమో ఆవిడ వేసింది. దాన్ని నేను కదపలేదు.

నాకు కూడా రక్తసంబంధం ఎవరూ లేరమ్మా. ఒక అక్క ఉండేది, దూరంలో. అందుకని, పోయినావిడ జ్ఞాపకార్థం, పాదిరీ గారు అనుమతిస్తే, అప్పుడప్పుడు మీకు రాస్తూ ఉంటాను. ఓదార్పు ఉత్తరాలకి మీ స్వెయిన్ గారి వీలునామాలో అడ్డు ఉండదని అనుకుంటాను. మీరు జవాబు రాస్తే వారి సిరాతోనే, వారు చెప్పినట్టే రాయండి. ఎట్లా రాసినా నాకు అర్థమవుతుంది. ఇంతకుముందు అర్థం చేసుకోలేని మూర్ఖురాలు ఒకావిడ ఉండేది, ఆవిడ పోయింది గదా.

ఒక చిన్న పొరపాటు మాత్రం మీ దృష్టికి తేవాలి. మీ చర్చిలో ఆవిడకి యాభై ఏడు గంటలు కొట్టించారని ట్విన్ చెప్పాడు. ఆవిడకి యాభై ఆరే. వయసు విషయంలో ఆవిడకి పట్టింపు ఎక్కువ, ఈ సంగతి తెలిస్తే సమాధిలోంచి లేచి వచ్చి పోట్లాడేది. కొట్టిన గంట ఇప్పుడు వెనక్కి తీసుకోలేరు కాబట్టి, ఆ చివరి దెబ్బని ఆవిడ ఇంకా బతకాల్సిన ఏడాది కింద ఉంచండి. వచ్చే ఏడాది మళ్ళీ ఇంకోటి అడుగుతాను.

తమరికి ఏమీ కాని,
హెప్జిబా క్లూస్